పీతలతిప్ప దూరాలమ్మ: నలభై అంగల తాడు

శ్రీ దూరాలమ్మ తల్లి సన్నిధికి వచ్చిన యాత్రికులందరికీ నమస్కారం. దయచేసి తాడు దగ్గర నుంచి వెనక్కి జరగండి.

నమస్కారం వెంటనే ఈ మాట రాయవలసి వచ్చినందుకు మన్నించాలి. ఈ పుస్తకానికి ఇది నాలుగో ముద్రణ. మొదటి ముద్రణలో ఈ మాట చివరి పేజీలో ఉండేది. అంతవరకు ఎవరూ చదవలేదు. రెండో ముద్రణలో మధ్య పేజీకి తెచ్చాం, అక్కడా ఎవరి కంటా పడలేదు. మూడో ముద్రణ ప్రతులు రేవులోని బఠాణీల కొట్టులో పొట్లాలై తిరుగుతుండగా నా కళ్ళతో నేనే చూశాను. అందుచేత ఈసారి మొదటి పంక్తిలోనే పెట్టాం. ఇంతకంటే ముందుకు తేవాలంటే అట్ట మీద వేయించాలి. వచ్చే ముద్రణకు అదీ తప్పేలా లేదు.

పీతలతిప్ప, గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న పల్లె. ఒకవైపు మడ అడవి, మరొకవైపు ఇసుక మేట. రేవులో పడవ దిగి ఇసుకలో కొంతదూరం నడిస్తే అమ్మవారి సన్నిధి వస్తుంది. ఇక్కడ గోపురం లేదు, గోడలు లేవు, తలుపు లేదు. మనిషి ఎత్తు నల్లరాయి ఒకటి నిలబడి ఉంటుంది. దానికి అటూ ఇటూ తాటి గుంజలు పాతి, వాటి మధ్య వల తాడు కట్టి ఉంటుంది. యాత్రికులు నిలబడవలసింది తాడుకు ఇవతల. అవతల సరిగ్గా నలభై అంగల దూరంలో ఉప్పు కాలువ, కాలువ గట్టున ఒక తెల్లమడ చెట్టు, ఆ చెట్టు వేళ్ళ కింద నీటికుక్కల బొరియ.

అమ్మవారు కాలువ వైపు తిరిగి ఉంటారు. మనకు కనిపించేది ఆమె వీపు. మెడ, రెండు భుజాలు, నడుము మీదికి జారిన జడ లాంటి ఒక చార, అంతే. హారతి కూడా వీపుకే ఇస్తాం. "ముఖం ఎటుందండీ?" అని అడగని యాత్రికుడు ఇంతవరకు రాలేదు. "మన మీద కోపమాండీ?" అని కొందరు భయపడుతూ అడుగుతారు. కోపమే. ఎందుకో చెప్పడానికే ఈ పుస్తకం.

కార్తీకం దాటాక నీటికుక్కలు ఈ బొరియలో పిల్లలను పెడతాయి. మాఘం వచ్చేసరికి పిల్లలు బయటికి వచ్చి గట్టు మీద పొర్లుతాయి. నున్నటి గోధుమరంగు ఒళ్ళు, పిల్లి మీసాలు, బల్లపరుపు తోక, వేళ్ళ మధ్య పొర. ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటూ బురదలో జారుతుంటే కూర్చుని చూసినవారికి పొద్దు తెలియదు. కూర్చుని చూసినవారికి అన్నాను, గమనించండి. నిలబడి "అదిగో, అదిగో" అని అరిచినవారికి నీళ్ళలో బుడగలు మాత్రమే కనిపిస్తాయి. కుక్కలన్నారు, ముంగిసల్లా ఉన్నాయేమిటని నాతో తగువు వేసుకున్నవారున్నారు. బిస్కెట్లు విసిరినవారున్నారు. ఒక పెద్దమనిషి నీటికుక్కలను పిలుస్తున్నానంటూ గంటసేపు ఈల వేశారు. పొద్దున నేను కట్టిన తాడు సాయంత్రానికి గుంజలతో సహా నాలుగు అంగలు ముందుకు జరిగి ఉంటుంది. ఎవరు జరిపారంటే ఎవరూ పలకరు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

ఇక కథ. కూర్చుని చదవండి.

పూర్వం ఇక్కడ ఇంకా తాడూ రాయీ లేని రోజుల్లో, కామాలు అనే పల్లెకారు పడుచు ఉండేది. భర్త తెప్ప తిరగబడి సముద్రంలో పోయాడు. చేతిలో అయిదు నెలల ఆడపిల్ల, పేరు నీలాలు. తెప్ప లేని ఇంటికి చేపలు రావు కనుక కామాలు పీతలు పట్టి బతికేది. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి లాగి కాలువలో నీరు తగ్గే వేళ, నడుములోతు బురదలో దిగి, కొక్కెం కట్టిన కర్రతో బొరియల్లోంచి మండపీతలను లాగేది. ఆ పని చంకలో బిడ్డతో అయ్యేది కాదు. అందుకని గట్టు మీది తెల్లమడ కొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి, పిల్లను అందులో వేసి, పాలిచ్చి నిద్రపుచ్చి, బురదలో దిగేది. పోటు తగిలి నీరు పెరిగే లోపు గట్టెక్కి, చేతులు కడుక్కుని, మళ్ళీ పాలిచ్చేది.

ఈ ఏర్పాటుతో నీలాలుకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఊరికే. ఊరి పెద్ద గవరయ్య, ఆయన తల్లి అచ్చియ్యమ్మ. అచ్చియ్యమ్మ మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఉండి ఉంటే పని సులువయ్యేది. అచ్చియ్యమ్మకు జాలి ఎక్కువ. ఎవరి ఇంట పిల్ల ఏడ్చినా ఆమె కాళ్ళు అటే నడిచేవి. ఉయ్యాల పక్కగా వెళ్ళినప్పుడల్లా నీలాలును ఎత్తుకునేది. నిద్రపోతున్న పిల్ల లేచి ఏడిస్తే, చూశారా, దిక్కులేక ఏడుస్తోందని ఊరంతా చెప్పేది. కామాలు ఎన్నిసార్లు మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది.

ఇంత విసుగు అనుభవించిన కామాలు, ఒక మాఘమాసపు ఉదయాన తాను కూడా ఆ పనే చేసింది.

పీతల బుట్ట ఎత్తుకుని గట్టెక్కుతుండగా మడ వేళ్ళ మధ్య సన్నటి కూత వినిపించింది. వంగి చూస్తే నీటికుక్క పిల్ల. కళ్ళు అప్పుడప్పుడే తెరుచుకున్నాయి. తల్లి కనుచూపు మేరలో లేదు. "అయ్యో, దిక్కులేని కూన!" అనుకుంది. చుట్టూ మరోసారి చూసింది. నీళ్ళలో ఏమీ కదలలేదు. అంతే, పిల్లను కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయి, పొయ్యి పక్కన పాత కుండలో గుడ్డలు పరిచి పడుకోబెట్టింది. మేకపాలు తెచ్చి వేలితో నాకించబోతే ఆ పిల్ల ముఖం తిప్పుకుంది. చేప ముద్ద పెడితే ఉమ్మేసింది. కూత మాత్రం ఆపలేదు.

మర్నాడు పాటుకు కామాలు ఎప్పటిలాగే ఉయ్యాల కట్టి కాలువలో దిగింది. తల్లి నీటికుక్క ఆమె చుట్టూ తిరగసాగింది. తల పైకెత్తి ఈల వేస్తుంది, మునుగుతుంది, ఇంకో పక్క తేలుతుంది, మళ్ళీ ఈల. కొక్కెం కర్రను ఒకసారి పళ్ళతో పట్టి లాగింది. పీతలను బెదరగొడుతోందని కామాలు దాన్ని నోటికి వచ్చినట్టు తిట్టింది. ఇంట్లో కుండలో ఉన్న పిల్లకూ, కళ్ళ ముందు ఈల వేస్తున్న తల్లికీ సంబంధం ఉందేమోనని ఆమె బుర్రకు తట్టలేదు. మనలో మాట, ఇప్పుడు వచ్చే యాత్రికులకూ తట్టదు. ఆ విషయం చివర్లో చెబుతాను.

ఆ అలజడిలో బుట్ట నిండడం ఆలస్యమైంది. పోటు తగులుతుండగా గట్టెక్కి చూస్తే ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది.

కామాలు బురద కాళ్ళతోనే ఊళ్ళోకి పరుగెత్తింది. గవరయ్య అరుగు మీద అచ్చియ్యమ్మ నీలాలును ఒళ్ళో పెట్టుకుని ఉగ్గుగిన్నెతో మేకపాలు పట్టబోతోంది. పిల్ల ముఖం తిప్పుకుని ఏడుస్తోంది.

"నా పిల్లనెందుకు తెచ్చావు పెద్దమ్మా?" అంది కామాలు.

"గుక్కపట్టి ఏడుస్తంటే సుట్టుపక్కల మనిసన్నోరు లేరే! ఒదిలేసి పోయావనుకున్నాను" అంది అచ్చియ్యమ్మ.

"ఒదిలెయ్యడమేటి? పనికెల్లాను! పీతలు పట్టకపోతే పాలెక్కడినుంచొత్తాయి నాకు?"

గొడవ విని గవరయ్య బయటికి వచ్చాడు. తల్లి మాట జవదాటని మనిషి. పైగా అరుగు ముందు ఊరు పోగైంది, ఏదో ఒకటి తీర్పు చెప్పకపోతే పెద్దరికం పోతుంది.

"కాలవ మానెయ్యి, పిల్లని తీసుకెల్లు. మాననంటే పిల్ల మా ఇంట్లో పెరుగుద్ది, నువ్వొచ్చి సూసుకుంటా ఉండు. పొద్దుగూకేలోగా ఏదో ఒకటి సెప్పు" అన్నాడు.

"కాలవ మానేస్తే ఏం తింటాం బాబాయ్?"

ఆ లెక్క గవరయ్య తీర్పులో లేదు. లేకపోయినా తీర్పు తీర్పే. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

పిల్ల అచ్చియ్యమ్మ ఒళ్ళోనే ఉండిపోయింది. కామాలు ఒంటరిగా ఇంటికి వచ్చి గడపలో కూలబడింది. కాలువకు వెళ్తే పిల్ల పోతుంది. వెళ్ళకపోతే ఇద్దరి కడుపూ మాడుతుంది. ఏడ్చి ఏడ్చి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ద్వారబంధానికి తల ఆనించి అలాగే కునికింది. అప్పుడు ఆమెకు కల వచ్చింది.

కలలో ఒకావిడ కాలువలోంచి నడిచి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, నడుముకు బిగించిన తడి చీర, జడ లోంచి కారుతున్న ఉప్పునీరు, చేతిలో ఇంకా కొట్టుకుంటున్న చేప. అమ్మవార్లు కలలో కనిపించినప్పుడు చిరునవ్వు నవ్వుతారనీ, అభయం ఇస్తారనీ వేరే పుస్తకాల్లో ఉంటుంది. ఈ తల్లి అలాంటిదేమీ చేయలేదు.

"నా పిల్లనెత్తుకు పొమ్మని నీకెవరు సెప్పారే?" అని అడిగింది.

కామాలు చేతులు జోడించింది. "తల్లి ఒదిలేసిందనుకున్నానమ్మా" అంది.

"ఈ మాట ఇందాక నీతో ఎవరన్నారు?"

కామాలు తల తిప్పి పొయ్యి పక్కన కుండ వైపు చూసింది.

"సేపలకెల్లాను. నువ్వు పీతలకెల్లినట్టే ఎల్లాను. వచ్చేసరికి పిల్ల లేదు. పొద్దున్నించి నీ సుట్టూ తిరిగి అరిస్తే తిట్టావు. ఎన్నిసార్లు సెప్పాలే మీకు?" అని తల్లి మండిపడింది. తరువాత, ఓపిక తెచ్చుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "తీసిన సోటే పెట్టు. నలబై అంగలు ఎనక్కి నడువు. కూకో. నోరు మూసుకో."

"అంతేనా అమ్మా? మొక్కుబడీ, జాతరా..."

"అంతే. మీ మనుసులకి సేతకానిది అదొక్కటే" అని తల్లి వెనుదిరిగి కాలువలోకి వెళ్ళిపోయింది.

కామాలు దిగ్గున లేచింది. కుండలోంచి పిల్లను తీసింది. నిన్న ఈల వేసినట్టు కూసిన పిల్ల ఇప్పుడు నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావడం లేదు. ఒళ్ళు చల్లబడుతోంది. కొంగులో చుట్టుకుని పరుగున కాలువ గట్టుకు బయలుదేరింది.

ఊళ్ళో ఆడమనిషి ఒకతె నీటికుక్కను చంకన వేసుకుని పరుగెడితే ఊరు ఊరుకుంటుందా? కలలో అమ్మవారు కనిపించిందన్న మాట ఆమె నోటి నుంచి జారడమే తడవు, వలలు బాగుచేసుకుంటున్నవారు వలలు వదిలారు, వంట చేస్తున్నవారు పొయ్యి మీది కూర వదిలారు. అందరూ వెనకే వచ్చారు. కామాలు పిల్లను వేళ్ళ మధ్య పెట్టి వెనక్కి తిరిగేసరికి ఆమె వెనుక నడవడానికి చోటు లేదు. పల్లె మొత్తం చెట్టు చుట్టూ మూగి ఉంది.

ఆమె చేతులు జోడించి బతిమాలి అందరినీ కొంచెం వెనక్కి పంపింది. కాసేపటికి కాలువ మధ్యలో నల్లటి తల ఒకటి తేలింది. "అదిగో వచ్చింది!" అని ఒకడు లేచి నిలబడి అరిచాడు. తల మునిగిపోయింది.

మళ్ళీ బతిమాలింది. మళ్ళీ తల తేలింది, ఈసారి గట్టుకు దగ్గరగా. అంతలో ఒక ఇల్లాలు, పిల్లకు ఆకలేస్తుందని, పాలగిన్నె పట్టుకుని చెట్టు దాకా వెళ్ళిపోయింది. తల మునిగిపోయింది.

మూడోసారి నీటికుక్క గట్టెక్కి నాలుగు అడుగులు వేసింది. అప్పుడు అచ్చియ్యమ్మ, ఒక చంకలో నీలాలును ఎత్తుకుని, "సలిగాలికి సచ్చిపోద్దే కూన!" అంటూ తన పైగుడ్డ తీసి పిల్ల మీద కప్పబోయింది. నీటికుక్క నీళ్ళలోకి దూకింది. అది దూకిన చోట సుడి కూడా మిగలలేదు. వేళ్ళ మధ్య పిల్ల కదలడం మానేసింది. పడమట పొద్దు మడ చెట్ల మీదికి దిగుతోంది. గవరయ్య పెట్టిన గడువు కూడా ఆ పొద్దుతోనే దిగుతోంది.

కామాలు ఓపిక అక్కడితో తీరిపోయింది. నా ఓపిక కూడా ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ తీరిపోతుంది, కనుక ఆమెను నేను తప్పు పట్టలేను. గట్టున బోర్లించి ఉన్న తెప్ప మీంచి వల తాడు లాగింది. ఒక కొస దూరంగా ఇసుకలో వలలు ఆరేసే గుంజకు బిగించింది. రెండో కొస పట్టుకుని జనం ఛాతీల మీదుగా తాడు సాచి, ఊరిని మొత్తంగా వెనక్కి నెట్టసాగింది.

"జరగండి! మీ జాలితో సంపుతున్నారు దాన్ని! జరుగు పెద్దమ్మా! బాబాయ్, నువ్వూ జరుగు, నీకేం కొమ్ములు మొలవలేదు!"

ఊరి పెద్దను ఆ మాట అన్నవారు అంతకు ముందు లేరు. ఆ విడ్డూరానికే జనం వెనక్కి నడిచారు. ఒక్కో అంగ లెక్కపెడుతూ నలభై అంగలు నెట్టింది. "కూకోండి" అంది. కూర్చున్నారు. తాను కాలువ వైపు తిరిగి, ఊరికి వీపు పెట్టి, తాడును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. వదిలితే మళ్ళీ ఎవరో ఒకరు జాలితో లేస్తారని ఆమెకు తెలుసు.

అలా ఎంతసేపు నిలబడిందో ఎవరూ చెప్పలేదు. కాలువ నిండుతోంది. నీటి మీద ఏమీ లేదు. అప్పుడు వెనుక అచ్చియ్యమ్మ ఒళ్ళో నీలాలు ఏడవడం మొదలుపెట్టింది.

పాలు తాగే వేళ దాటిపోయింది. పొద్దుటి నుంచి పిల్ల మేకపాలు ముట్టలేదు. ఏడుపు హెచ్చింది. కామాలు రవిక పాలతో తడిసిపోయింది. కానీ ఆమె తిరగలేదు.

"నీ కన్నకూతురు ఏడుస్తంటే తిరిగైనా సూడవేటే? నీది గుండెనా, రాయా?" అంది అచ్చియ్యమ్మ.

కామాలు తిరగలేదు. తిరిగితే తాడు జారుతుంది, తాడు జారితే ఊరు లేస్తుంది, ఊరు లేస్తే ఆ కూన ఇక బతకదు. ఎదురుగా ఒక పిల్ల, వెనుక ఒక పిల్ల. కన్నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నా తుడుచుకోవడానికి ఆమెకు చేయి ఖాళీ లేదు.

అప్పుడు నీటికుక్క వచ్చింది. ఏ చప్పుడూ లేకుండా గట్టెక్కింది. నోట అడ్డంగా ఒక బొమ్మిడాయి చేప. ఒకసారి తాడు వైపు చూసింది. చేపను కింద పెట్టి, పిల్ల ఒళ్ళంతా వాసన చూసి, నాకింది. నాకుతూనే ఉంది. చాలాసేపటికి పిల్ల కాలు కదిలింది. తరువాత తల కదిలింది. తల్లి దాన్ని మెడ మీద పళ్ళతో ఒడుపుగా పట్టి బొరియలోకి తీసుకుపోయింది. మళ్ళీ బయటికి వచ్చి, మరిచిపోయిన చేపను కూడా తీసుకుపోయింది.

ఊరంతా చూసింది. అందరికంటే ఎక్కువ చూసింది అచ్చియ్యమ్మ. ఆమె కళ్ళు ఆ చేప మీదే నిలిచిపోయాయి.

"సేపకెల్లింది. ఒదిలేసి పోలేదు" అని తనలో తాను అనుకున్నట్టు అంది.

ఆమె లేచింది. జనం "కూకో, కూకో" అన్నా వినలేదు. ఏడుస్తున్న నీలాలును తెచ్చి కామాలు చేతిలో పెడుతుందని అందరూ అనుకున్నారు. అలా చేయలేదు. తాడు కింద వంగి, పక్కగా చుట్టు తిరిగి, బొరియకు ఎడంగా నడిచి, తెల్లమడ కొమ్మకు వేలాడుతున్న ఉయ్యాలలో పిల్లను పడుకోబెట్టింది. ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. పైగుడ్డ కప్పబోయి, చేయి వెనక్కి తీసుకుంది. నలభై అంగలు వెనక్కి నడిచి వచ్చి, తాడుకు ఇవతల కూర్చుని, నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం పీతలతిప్పలో అదే మొదటిసారి.

కామాలు అప్పుడు తాడు వదిలింది. నడిచి వెళ్ళి బిడ్డను ఎత్తుకుని చెట్టు కిందే కూర్చుని పాలిచ్చింది. పొద్దు గూకింది. గవరయ్య ఏదో అనడానికి గొంతు సవరించుకున్నాడు. అచ్చియ్యమ్మ కొడుకు మోకాలి మీద చేయి వేసింది. అతను సవరించుకున్న గొంతును అలాగే మింగేశాడు.

మర్నాడు పాటుకు కామాలు ఉయ్యాల కట్టి కాలువలో దిగింది. అచ్చియ్యమ్మ వచ్చి నలభై అంగల దూరంలో కూర్చుంది. పిల్ల ఏడ్చినా ఎత్తుకోలేదు. కుక్క వస్తే అదిలించింది, గద్ద వాలితే చేయి విసిరింది, అంతే. ఆమె బతికినంతకాలం ఊళ్ళో బురదలో దిగే ప్రతి తల్లి పిల్లకూ అలాగే కాపు కాసిందని చెబుతారు. జాలి ఆమెకు తగ్గలేదు. జాలి పడుతూ కూర్చోవడం నేర్చుకుంది.

ఆ మరుసటి ఏడు పెద్ద పోటుకు ఒక నల్లరాయి కొట్టుకొచ్చి, కామాలు తాడు పట్టి నిలబడిన చోటనే ఇసుకలో దిగబడి నిలిచింది. మెడ, భుజాలు, వీపు. ఊరివారు పసుపు కుంకుమలు పెట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. అమ్మవారు వీపు పెట్టి ఉండడం అశుభమని, పదిమంది పలుగులు పట్టి రాయిని ఊరి వైపు తిప్పారు. మర్నాటి పోటుకు రాయి మళ్ళీ కాలువ వైపు తిరిగింది. మళ్ళీ తిప్పారు, మళ్ళీ తిరిగింది. మూడోసారి తిప్పబోతే రాయి ఇసుకలో మోకాలి లోతు ఇంకా దిగబడి, ఇక ఎవరికీ కదలలేదు. ఆ రాత్రి గవరయ్య కలలో తల్లి కనిపించి ఒకే ఒక్క మాట అందట: "ఎనక్కి." దూరంగా ఉండి కొలవమన్న తల్లి కనుక దూరాలమ్మ అన్నారు.

నాటి నుంచి నేటి వరకు ఆచారం ఒక్కటే. ప్రతి మాఘమాసంలో పాత వల తాడు విప్పి కొత్తది కడతాం. తాడు పట్టే సేవ నీలాలు సంతతిలో ఆడపిల్లలది. మా అమ్మ తరువాత ఇరవై రెండేళ్ళుగా ఈ సేవ నాది. నా పేరు వరహాలమ్మ, అంగన్‌వాడీలో పనిచేసి విరమించాను. అక్కడ పిల్లలను కూర్చోబెట్టడమే కష్టమనుకునేదాన్ని. యాత్రికుల ముందు వారు బంగారం.

మొన్నటి మాఘంలో ఒక కుటుంబం అట్టపెట్టె పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. పెట్టెలో నీటికుక్క పిల్ల. "దిక్కులేక ఏడుస్తోందండీ, రక్షించాం" అన్నారు. నేను తాడు కట్టుకుంటున్న సమయంలో, మడ చెట్ల వెనుకగా తిరిగి వెళ్ళి తెచ్చారు. వారి చేతిలో ఈ పుస్తకం ఉంది. నేను ఏమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. పిల్లను తిరిగి పెట్టించి, వారందరినీ తాడు వెనుక కూర్చోబెట్టాను. ఫోన్లు ఒళ్ళో బోర్లించి పెట్టుకోమన్నాను. మూడు గంటలకు పైగా పట్టింది. తల్లి చేప పట్టుకుని వచ్చినప్పుడు, ఆ ఇంటి కోడలు, చంటిబిడ్డను అత్తగారికి వదిలి రోజూ ఆఫీసుకు వెళ్ళే పిల్లట, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె అత్తగారు కూడా ఏమీ అనలేదు. నలభై అంగల దూరం నుంచి అలా కూర్చుని చూసినవారికి తల్లి ఇచ్చే ఫలం ఇదే. పిల్లలు క్షేమంగా పెరుగుతారు, పనికి వెళ్ళిన వారు వేళకు ఇల్లు చేరతారు, ఇరుగుపొరుగు నోళ్ళు అదుపులో ఉంటాయి. మొక్కుబడిగా కానుకలేమీ వద్దు. కూర్చుంటే చాలు.

ముఖం సంగతి మిగిలింది. దూరాలమ్మ ముఖం చూడాలంటే కాలువలోంచి రావాలి. వేరే దారి లేదు. ఈనాటికీ ఊరి ఆడవాళ్ళు పాటు వేళ పిల్లలను తెల్లమడ కొమ్మ ఉయ్యాలలో వేసి బురదలో దిగుతారు. గట్టెక్కి వచ్చేటప్పుడు అమ్మవారికి సరిగ్గా ఎదురుగా వస్తారు. తాడు పట్టేవారు అవతలికి పోకూడదు కనుక నేను ఏనాడూ చూడలేదు. ఈ ముద్రణలోనైనా యాత్రికుల ప్రశ్నకు జవాబు రాద్దామని, పదిహేనేళ్ళుగా కాలువలో పీతలు పడుతున్న లోవమ్మను అడిగాను. ముగ్గురు పిల్లలను ఆ ఉయ్యాలలోనే పెంచిన మనిషి.

"అమ్మోరి ముకం ఎలాగుంటాది లోవమ్మా? కోపంగా ఉంటాదా, నవ్వుతా ఉంటాదా?"

లోవమ్మ బుట్ట దింపింది.

"నేనెప్పుడు సూశానప్పా? గట్టెక్కేటప్పుడు ఉయ్యాలే కదా సూసేది" అంది.